హైబ్రిడ్ మిర్చి గింజ తిరిగి వేస్తే తోట ఎందుకు చెదురుతుంది, పురుగు మందుకు ఎందుకు లొంగదు

పెదనందిపాడు వైపు నుంచి ఒక రైతు అడిగిన ప్రశ్నకు ఈ జవాబు. పోయినేడు హైబ్రిడ్ మిర్చిలో బాగా కాసిన చెట్ల నుంచి పండుకాయ ఏరి, గింజ తీసి, ఈ ఏడు అరెకరానికి నారు పోశారట. తోట ఒక్క తీరుగా లేదు. పొట్టి చెట్టు పక్కన పొడుగు చెట్టు, సన్నకాయ పక్కన లావుకాయ, కొన్నిటికి పూతుంది గానీ కాయ లేదు. విత్తనం కల్తీ అయిందని ఒకరు, పవరు తగ్గిందని ఇంకొకరు చెప్పారు. తామర పురుగు మందుకు అలవాటు పడిందంటే అసలు అర్థమేమిటన్నది రెండో ప్రశ్న. ఇంటర్ బైపీసీ చదివే వాళ్లమ్మాయి యుగ్మ వికల్పం, బహిర్గతం, ప్రకృతివరణం అంటోందని, ఆ మాటలు పొలం భాషలో చెప్పమని మూడోది. ఈ మూడింటికీ లెక్క ఒకటే కాబట్టి కలిపే చెబుతాను.

ముందు తోట సంగతి. మీ విత్తనం కల్తీ కాలేదండీ, పవరూ తగ్గలేదు. హైబ్రిడ్ చెట్టు గింజ ఎలా రావాలో అలాగే వచ్చింది.

మిరప మొక్క ప్రతి కణంలోనూ 24 క్రోమోజోములు, అంటే 12 జతలు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లి వైపుది, ఒకటి తండ్రి వైపుది. ఆ క్రోమోజోము మీద ఒక్కో పనికి ఒక్కో చోటు ఉంటుంది, అదే జన్యువు. జన్యువును సర్వే నంబరు అనుకోండి. ఆ నంబరులో ఇప్పుడు నిలబడి ఉన్న పైరు అల్లీల్, పుస్తకాల్లో యుగ్మ వికల్పం అనేది దాన్నే. సర్వే నంబరు మారదు, అందులో ఒకచోట పత్తి, ఇంకోచోట మిర్చి ఉండొచ్చు. ప్రతి నంబరూ మొక్కలో రెండేసి సార్లు ఉంటుంది కాబట్టి రెండింటిలోనూ ఒకే పైరుంటే సమయుగ్మజం, వేరువేరు ఉంటే విషమయుగ్మజం. ఈ రెండు మాటలు ఒంటబడితే మిగతాదంతా కూడికలు, భాగహారాలే.

కాయ వేలాడడం, పైకి నిక్కడం తీసుకుందాం. మిరపలో దీన్ని ప్రధానంగా నడిపేది ఒకే జన్యువు. వేలాడే అల్లీల్‌ను ‘వే’ అనీ, నిక్కే దాన్ని ‘ని’ అనీ రాసుకోండి. వే-వే మొక్కకూ, వే-ని మొక్కకూ కాయ వేలాడుతుంది. ని-ని అయితేనే పైకి నిక్కుతుంది. ఒక్క కాపీ ఉన్నా తన గుణం చూపించే ‘వే’ బహిర్గతం, రెండు కాపీలూ ఉంటే తప్ప బయటపడని ‘ని’ అంతర్గతం. మొక్క లోపలి రాత జన్యురూపం, కంటికి కనపడేది దృశ్యరూపం. వే-వే, వే-ని మొక్కలు రెండూ కంటికి ఒకటే, రాత మాత్రం వేరు. వచ్చే చిక్కంతా ఇక్కడే.

కంపెనీవాళ్లు రెండు శుద్ధమైన తల్లిదండ్రుల వరసలను కలిపి ఎఫ్1, అంటే మొదటి తరం సంకరం గింజ చేస్తారు. తల్లీ తండ్రీ ఎక్కడెక్కడ తేడాగా ఉన్నారో అక్కడల్లా ఎఫ్1 మొక్క విషమయుగ్మజం. ప్యాకెట్‌లోని ప్రతి గింజా అదే రాత కాబట్టి తోటంతా ఒక్క అచ్చు. ఆ ఎఫ్1 చెట్టు పుప్పొడి తయారుచేసేటప్పుడు జతలు విడిపోయి, సగం రేణువులకు వే, సగానికి ని వెళ్తాయి. అండాల్లోనూ అంతే. అవి మళ్లీ కలిస్తే నాలుగింట ఒక వంతు వే-వే, సగం వే-ని, ఒక వంతు ని-ని. కంటికి 3:1గా కనపడుతుంది. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ 1866లో అచ్చువేసిన బఠాణీ లెక్కలో 5474 నున్న గింజలు, 1850 ముడత గింజలు వచ్చాయి, భాగిస్తే 2.96:1. పక్క చెట్టు పుప్పొడి పడినా ఇది మారదు, ఎందుకంటే ఎఫ్1 తోటలో పక్క చెట్టూ అదే రాత.

ఇప్పుడు మీ అరెకరం లెక్క. దిగుబడి, ఎత్తు, కాయ పొడవు, రంగు లాంటివి ఒక్కో జన్యువు మీద నడిచేవి కావు. తల్లిదండ్రులు పది చోట్ల మాత్రమే తేడాగా ఉన్నారనుకుందాం (నిజానికి ఇంకా చాలా ఎక్కువ). ఎఫ్2లో, అంటే ఎఫ్1 చెట్ల గింజ వేస్తే వచ్చే తరంలో, ఒక్కో చోట విషమయుగ్మజం నిలవడానికి అవకాశం సగం. పది చోట్లా నిలవాలంటే సగాన్ని పదిసార్లు గుణించాలి, 1024లో ఒకటి. 60 సెంటీమీటర్ల ఎడంతో ఎకరానికి సుమారు 11 వేల మొక్కలు పడతాయి. అంటే ఎకరంలో పది, పదకొండు చెట్లు తప్ప మిగతావేవీ పోయినేటి హైబ్రిడ్‌కు అచ్చు కావు. ‘పవరు తగ్గడం’ అని షాపులో చెప్పేది ఇదే. ఎక్కడా ఏదీ అరగలేదు, పేకముక్కలు మళ్లీ కలిపారంతే.

పూతుండి కాయ లేని చెట్ల సంగతి వేరు, అది ఇంకా ఆసక్తికరం. హైబ్రిడ్ విత్తనం చేసేటప్పుడు లక్షల పూలకు చేత్తో కేసరాలు తీయడం ఖర్చు కాబట్టి, చాలా చోట్ల మగ వంధ్యత్వం ఉన్న ఆడ వరసను వాడతారు. దాని పూలలో పనికొచ్చే పుప్పొడి ఉండదు. ఒక పద్ధతిలో ఈ లోపం కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా నుంచి వస్తుంది, మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే దిగుతుంది. ఎఫ్1లో కాయ పట్టాలి కాబట్టి మగ వరస నుంచి పుప్పొడిని తిరిగి నిలబెట్టే అల్లీల్ ఒకటి కలుపుతారు. మీరు గింజ తీసి వేస్తే ఆ అల్లీల్ కూడా చెదిరి నాలుగో వంతు మొక్కలకు అసలు అందదు. అవి పూస్తాయి, తేనెటీగ పక్క పువ్వు పుప్పొడి తెస్తే నాలుగు కాయలు పట్టొచ్చు, లేకపోతే పూత రాలుతుంది, లేదా గింజలేని గిడస కాయలు నిలుస్తాయి. వంధ్యత్వం కేంద్రకంలోని జన్యువు నుంచి వచ్చే రెండో పద్ధతిలోనూ ఎఫ్2లో ఆ నాలుగో వంతే. అయితే పూత రాలిన ప్రతి చెట్టూ ఇదే అనుకోకండి. ఎండ దెబ్బ, తామర పురుగు కూడా పూత రాలుస్తాయి. తేడా చెట్టు దగ్గరే తెలుస్తుంది: పొద్దున తొమ్మిది, పది మధ్య విచ్చిన పువ్వు కోసి, పరాగకోశాన్ని (పుప్పొడి ఉండే తిత్తిని) బొటనవేలి గోరు మీద రుద్దండి. మంచి పువ్వయితే సన్నటి పొడి అంటుకుంటుంది. వంధ్య పువ్వులో పరాగకోశం ముడుచుకుని సన్నగా ఉంటుంది, గోరు మీద ఏమీ పడదు.

ఇక్కడే ఒక అపోహ. ఎఫ్1 తోట పక్కన కారం లేని బెంగళూరు మిర్చి (క్యాప్సికం) వేస్తే ఈ ఏటి కాయ కారం మారుతుందని యార్డులో కూడా అంటుంటారు. మారదు. కారం తయారయ్యేది కాయ లోపల గింజలు అంటుకునే తెల్లటి ఈనెలో. కాయ తొక్క, ఈనె రెండూ తల్లి చెట్టు కండే. పక్క తోట పుప్పొడి గింజ లోపలి పిండంలోకి మాత్రమే వెళ్తుంది, దాని ప్రభావం ఆ గింజ మొలిచి కాసినప్పుడే తెలుస్తుంది. కారం ఉండటం, లేకపోవడం అనేది పన్1 అనే జన్యువు చేతిలో ఉంది, కారం బహిర్గతం. బెంగళూరు మిర్చిలో ఆ జన్యువు మొదటి భాగం చాలావరకు తెగిపోయి ఉంటుంది, కాబట్టి కారం కట్టే ఎంజైమే తయారవదు. అంతర్గత గుణాల వెనక చాలాసార్లు ఇలా తెగిన, విరిగిన జన్యువే ఉంటుంది. మెండెల్ ముడత బఠాణీ కూడా అంతే, పిండిపదార్థం కట్టే ఎంజైమ్ జన్యువులో సుమారు 800 అక్షరాల ముక్క అడ్డంగా దూరడం వల్ల చెడింది. ఎంత కారం అన్నది మాత్రం ఇంకా చాలా జన్యువులు, నీటి ఎద్దడి, కోత వేళ కలిసి తేలుస్తాయి.

బహిర్గతం అంటే బలమైనది, మంచిది, ఎక్కువగా ఉండేది అనుకోవడం ఇంటర్ పరీక్షల్లో ఏటా దొర్లే తప్పు. ఒక కాపీతోనే కనపడుతుంది, అంతకు మించి ఆ మాటకు బరువు లేదు. రక్తంలో ‘O’ గ్రూపు అల్లీల్ అంతర్గతం, అయినా ప్రపంచంలో ఎక్కువగా ఉన్నది అదే. వేరే ఒత్తిడి లేకపోతే అల్లీల్ వంతు తరతరానికీ అలాగే ఉంటుందని 1908లో హార్డీ, వైన్‌బర్గ్ విడివిడిగా చూపించారు.

గింజ దాచుకోవాలనుంటే హైబ్రిడ్ జోలికి పోకండి. గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం (లాం ఫారం) విడుదల చేసిన 334 లాంటి సూటి రకం తీసుకోండి. అది ఎక్కువ చోట్ల సమయుగ్మజం, తన పుప్పొడితో తనకే గింజ పడితే పిల్ల తల్లిలాగే వస్తుంది. ఎఫ్2 నుంచి మీరే శుద్ధ రకం తయారుచేయాలనుకుంటే తరానికి విషమయుగ్మజం సగం చొప్పున తగ్గుతుంది: ఎఫ్2లో 50 శాతం, ఎఫ్3లో 25, ఎఫ్7కి గాని 1.6 దగ్గరకు రాదు. ఎఫ్1తో కలిపి ఏడు పంటలన్నమాట.

సూటి రకంలో మనవాళ్లు చేసే తప్పులు రెండు. కాలవ గట్టు పక్కన దుబ్బుగా పెరిగిన చెట్టు నుంచి గింజ తీయడం మొదటిది. ఆ దుబ్బు నీళ్లది, ఎరువుది, గింజలోకి దిగదు. దానికి విరుగుడు సులువు. ఎకరాన్ని తాళ్లతో అయిదేసి సెంట్ల గళ్లుగా చేయండి, ఇరవై గళ్లొస్తాయి. ఒక్కో గడిలో దాదాపు 550 చెట్లు. ఆ గడి చెట్లతోనే పోల్చి, అంచు సాళ్లు వదిలేసి, మేలైన అయిదు చెట్లకు రిబ్బన్ కట్టండి. ఒకే నేల, ఒకే తడి మధ్య ఎంచినప్పుడు మిగిలే తేడాలో జన్యువుల వాటా ఎక్కువ. రెండో తప్పు, మరీ మంచివి రెండు మూడు చెట్లే చాలనుకోవడం. ఎన్ని చెట్ల నుంచి గింజ తీశారో ఆ సంఖ్యను రెట్టింపు చేసి ఒకటిని దాంతో భాగిస్తే, ఆ తరంలో పోయే వైవిధ్యం వస్తుంది. అయిదు చెట్లయితే పదో వంతు, వంద చెట్లయితే 200లో ఒకటి. ఏ గుణమూ చూడకుండా కేవలం లాటరీ వల్ల జరిగే ఈ మార్పే జన్యు విస్థాపనం. ఏదో ఒక తెగులును తట్టుకునే అరుదైన అల్లీల్ ఇలాగే ఎవరికీ తెలియకుండా జారిపోతుంది.

రిబ్బన్ కట్టిన చెట్లలో రెండేసి కొమ్మలకు, విచ్చిన పూలూ పట్టిన పిందెలూ తీసేసి, పల్చటి గుడ్డ సంచి కట్టండి. పిందె పట్టాక దారంతో గుర్తు పెట్టి సంచి తీయండి, వేడికి ఉడికిపోతుంది. మిర్చి తన పుప్పొడితోనే గింజ కట్టగలదు గానీ తేనెటీగలు పక్క తోటది బాగానే తెస్తాయి. అందుకే ధ్రువీకరణ విత్తనానికి 200 మీటర్ల దూరం నియమం. మన దగ్గర చేను పక్కన చేను మిర్చే కాబట్టి ఆ దూరం కుదరదు, సంచే గతి. ముడత వైరస్ పడిన చెట్లను పూతకు ముందే పీకేయండి. బాగా పండిన కాయల గింజను తేమ 8 శాతానికి వచ్చేదాకా ఆరబెట్టాలి.

ఇక పురుగు. అలవాటు పడటమనేది లేదు. మందు తగిలి చావని పురుగు రేపు గట్టిపడదు, తన పిల్లలకు ఆ గట్టితనం నేర్పదు. మందు కొట్టకముందే, ఏదో తరంలో డీఎన్ఏ నకలు తీసేటప్పుడు జరిగిన పొరపాటు వల్ల, కొన్ని పురుగుల్లో ఒక అక్షరం మారి ఉంటుంది. అదే ఉత్పరివర్తనం. సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు పురుగు నరాల్లో సోడియం వెళ్లే దారిని పట్టుకుంటాయి. ఆ దారి కట్టే ప్రోటీన్‌లో ఒకచోట ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఫినైలలనీన్ పడితే మందుకు పట్టు దొరకదు. ఈ మార్పు ఈగల్లో, దోమల్లో, ఇంకా చాలా పురుగుల్లో కనపడింది. మీ స్ప్రేయరు చేసే పని ఎంపిక మాత్రమే. మీరు మంచి చెట్టుకు రిబ్బన్ కట్టినట్టు, మందు బతికిన పురుగుకు రిబ్బన్ కడుతుంది. దీన్నే ప్రకృతివరణం అంటారు. ఆ గుంపులో అల్లీళ్ల వంతు తరం నుంచి తరానికి మారితే అదే పరిణామం. మారేది గుంపు, ఒక్కో పురుగు పుట్టినప్పటి రాతతోనే చస్తుంది. పరిణామం అనగానే కోతి బొమ్మ గీసేవాళ్లు ఒక్క సీజను మిర్చి చేలో నిలబడితే చాలు.

డోసు ఎందుకు తగ్గించకూడదో లెక్కలో చూడండి. తట్టుకునే అల్లీల్ వెయ్యిలో ఒకటి ఉందనుకుందాం, అది అంతర్గతం. రెండు కాపీలూ అదే ఉన్న పురుగు పది లక్షల్లో ఒకటి. ఒక కాపీ ఉన్నవి అదే పది లక్షల్లో దాదాపు రెండు వేలు. పూర్తి డోసులో ఒక కాపీ పురుగులు చస్తాయి, ఆ ఒక్కటే మిగులుతుంది. సగం డోసు పడితే ఆ రెండు వేలూ బతికి, వాటిలో అవే జత కడతాయి. రెండు మందులను చెరిసగం కలిపి కొట్టేవాళ్లు ఈ రెండు వేలనే రెండు వైపులా కాపాడుతున్నారు.

తామర పురుగులో ఇంకో మెలిక. దాని ఆడవాటికి ప్రతి జన్యువూ రెండు కాపీలు. మగవి ఫలదీకరణం కాని గుడ్డు నుంచి పుడతాయి, ఒక్కటే కాపీ. అంటే మగ పురుగులో అంతర్గతం దాక్కోవడానికి చోటు లేదు. వెయ్యిలో ఒకటున్న అల్లీల్ వెయ్యి మగ పురుగుల్లో ఒకదాంట్లో బయటపడి మందును తట్టుకుంటుంది, పది లక్షల దాకా ఆగక్కర్లేదు. పైగా వేడి కాలంలో తరం రెండు వారాల అటూ ఇటూ. 2021-22లో గుంటూరు మిర్చిని ఊడ్చేసిన నల్ల తామర పురుగు ఆగ్నేయాసియా నుంచి వచ్చింది, పూలలోకి దూరుతుంది, మందు సరిగా తగలదు. తగలకపోవడం, తట్టుకోవడం రెండు వేర్వేరు సంగతులు. మందు మార్చేముందు పూల లోపలికి తడి వెళ్తోందో లేదో చూడండి.

మార్చేటప్పుడు బ్రాండు కాదు, గ్రూపు (మందు పురుగు మీద పనిచేసే తీరును బట్టి ఇచ్చిన నంబరు) మార్చాలి. ఇమిడాక్లోప్రిడ్, థయామిథోక్సామ్, ఎసిటామిప్రిడ్ మూడు డబ్బాలైనా గ్రూపు ఒకటే, 4ఏ. స్పైనోసాడ్, స్పైనెటోరమ్ గ్రూపు 5. ఫిప్రోనిల్ 2బీ. సయాంట్రానిలిప్రోల్ 28. ఒక గ్రూపును ఒక తరం కాలం, అంటే రెండు మూడు వారాల లోపే వాడి, తరువాతి తరానికి వేరే గ్రూపుకు వెళ్లండి. ఒక తరంలో బతికినవాటి పిల్లలకు వేరే మందు తగలాలన్నదే ఇందులో లెక్క. డబ్బా మీద సాంకేతిక నామం చదవండి, షాపులో చెప్పే పేరు వద్దు.

పత్తి వేసేవాళ్లకు ఒక మాట, ఎందుకంటే పై రెండు కథలూ అక్కడ ఒకే కాయలో కలుస్తాయి. బీటీ పత్తి 2002లో, రెండు జన్యువుల బీజీ-2 2006లో వచ్చాయి. మొదటి జన్యువును గులాబీ పురుగు తట్టుకుంటోందని 2010లోనే గుజరాత్ నుంచి తెలిసింది. అప్పట్లో 450 గ్రాముల బీటీ గింజతో విడిగా ఇచ్చిన 120 గ్రాముల నాన్‌బీటీ ప్యాకెట్ ఆశ్రయ పంట కోసం. అక్కడ పెరిగిన లొంగే పురుగులు, బీటీలో బతికిన అరుదైనదాంతో జత కడితే పిల్లలు ఒక కాపీవే అవుతాయి, బీటీ విషానికి చస్తాయి. ఆ ప్యాకెట్ గట్టు మీద పారేసిన చోట ఈ లెక్క తెగిపోయింది. ఇంకో సంగతి, మన బీటీ పత్తి హైబ్రిడ్. చెట్టు ఎఫ్1 అయితే కాయలోని గింజలు ఎఫ్2. ఒక్కో బీటీ జన్యువు వాటిలో 3:1గా చెదురుతుంది, నాలుగో గింజలో అది ఉండదు. గులాబీ పురుగు తినేది గింజనే. ఒకే కాయలో విషమున్న గింజ, లేని గింజ కలిపి తింటే దానికి అందేది తగ్గిన డోసే. అమెరికాలో సూటి రకాల్లో బీటీ వేసి, ఆశ్రయ పంట పెట్టి, వంధ్య పురుగులను వదిలి, 2018లో గులాబీ పురుగు లేదని ప్రకటించారు.

మీ అమ్మాయి రికార్డుకు ప్రయోగం కొత్తగా పెట్టక్కర్లేదు, అరెకరం తోటే ఎఫ్2. మీ హైబ్రిడ్ మగ వంధ్య వరసతో చేసిందైతే, గోరు మీద పుప్పొడి పరీక్షతో 40 చెట్లు చూస్తే వంధ్యమైనవి 10 రావాలి. కానీ 5 నుంచి 15 దాకా ఎంతొచ్చినా 3:1 తప్పని చెప్పలేరు, అంతటి ఊగిసలాట సహజం. 400 చెట్లు చూస్తే 83 నుంచి 117 మధ్యకు వస్తుంది. సాలు వదలకుండా వరసగా లెక్కపెట్టాలి. కాయ లేని చెట్లే ఏరి చూస్తే లెక్క ముందే వంకరపోతుంది.

తనే సంకరం చేయాలనుకుంటే పైకి నిక్కే అలంకార మిర్చిని తల్లిగా పెట్టమనండి. రేపు విచ్చబోయే తెల్లటి మొగ్గను సాయంత్రం పట్టకారుతో తెరిచి, పరాగకోశాలు పగలకముందే అయిదారూ తీసేయాలి. మర్నాడు పొద్దున వేలాడే రకం పువ్వు పుప్పొడిని కీలాగ్రానికి (పువ్వు మధ్య పుప్పొడి అంటుకునే కొనకు) రాసి, దూది చుట్టి, చీటీ కట్టాలి. ఆ గింజ మొలిచి కాసినప్పుడు కాయ వేలాడితే సంకరం నిజమైనట్టు. పైకి నిక్కితే పరాగకోశం ఒకటి లోపలే మిగిలిపోయిందన్నమాట. తండ్రిని తల్లిగా పెట్టి ఉంటే ఈ తప్పు ఎఫ్2 దాకా తెలిసేది కాదు.